తిప్పతీగ, అశ్వగంధ, పసుపు క్యాప్సూళ్లు: ఆకుమందుతో లివర్ ఎలా దెబ్బతింటుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్లు, కొద్దిగా షుగర్ ఉంది. ఇమ్యూనిటీ కోసమని రెండు నెలలకు పైగా రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగారు. నిద్ర పట్టాలని రాత్రి అశ్వగంధ మాత్ర, మోకాళ్ల నొప్పులకు మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్ వేసుకున్నారు. ఆకలి పోయింది, కళ్లు పచ్చబడ్డాయి. ఎస్.జి.పి.టి. (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 900 దాటింది, బిలిరుబిన్ (కళ్లను పచ్చబరిచే పదార్థం) 7. డాక్టరు మూడూ ఆపమన్నారు. మీ పెదనాన్నగారేమో "తరతరాలుగా వాడుతున్న ఆకులతో లివర్ పాడవడమేమిటి, ఇంగ్లీషు మందుల వల్లే అయ్యుంటుంది, కామెర్లకు పసరు పోయిద్దాం పదండి" అంటున్నారు. ఆకుల్లో అసలు ఏముంటుంది, అది లివర్‌ను ఎలా చెడగొడుతుంది, ఇప్పుడేం చెయ్యాలి అని మీరు అడిగారు.

నేను చాలా ఏళ్లుగా లివర్ రోగులను చూస్తున్న డాక్టర్ని. వివరాల్లోకి వెళ్లే ముందు తొందరగా చెప్పాల్సింది చెప్తాను. దయచేసి పసరు పోయించకండి. మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లలో ఎస్.జి.పి.టి. మామూలు కన్నా మూడు రెట్లకు మించి పెరిగి, దానితోపాటు బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే, దాదాపు పది మందిలో ఒకరికి ప్రాణం మీదికి వస్తుందని, లేదా లివర్ మార్పిడి దాకా వెళ్తుందని హైమన్ జిమర్‌మన్ అనే అమెరికన్ డాక్టరు గమనించారు. మేము ఇప్పటికీ ఆ లెక్క పెట్టుకునే చూస్తాం. మీ నాన్నగారు ఆ గీత దాటారు. మిగతా తొమ్మిది మంది కోలుకుంటారు కదా అంటే నిజమే. కానీ ఎవరు కోలుకుంటారో మొదటి వారంలో ఎవరూ చెప్పలేరు. అందుకని వారానికి రెండుసార్లైనా పి.టి., ఐ.ఎన్.ఆర్. (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే) పరీక్ష చేయించండి. ఐ.ఎన్.ఆర్. 1.5 దాటినా, పగలంతా నిద్రపోయి రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడినా, ఇంట్లో మనిషిని చూసి పేరు గుర్తురాక తడుముకున్నా, తెల్లారేదాకా ఆగకుండా లివర్ మార్పిడి చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ ప్రశ్న. మనం మింగింది ఏదైనా సరే, పేగుల్లోంచి రక్తంలో కలిశాక పోర్టల్ సిర గుండా ముందు లివర్‌కే చేరుతుంది. కొవ్వులో కరిగే పదార్థాలను నీళ్లలో కరిగేలా మార్చి, మూత్రంలోనో పైత్యరసంలోనో బయటికి పంపడం లివర్ చేసే పనుల్లో ఒకటి. ఈ మార్పును సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబం మొదలుపెడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మింగిన పదార్థం మామూలుదే అయినా, మార్పు మధ్యలో పుట్టే పదార్థం కొన్నిసార్లు చాలా చురుకుగా ఉంటుంది. దేన్ని తాకితే దానికి అతుక్కుంటుంది. అలా జరగకుండా గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. గ్లూటాథయోన్ నిల్వ సరిపోనప్పుడు ఆ చురుకైన పదార్థం లివర్ కణంలోని ప్రొటీన్లకు అతుక్కుని కణాన్ని చంపుతుంది. పారాసిటమాల్ ఎక్కువగా మింగినవాళ్ల లివర్ సరిగ్గా ఇలాగే పోతుంది. అంటే విషం బయటినుంచి వచ్చినట్టు కనిపించినా, చాలాసార్లు అది తయారయ్యేది లివర్ లోపలే. మింగింది పెరట్లో కోసిన ఆకా, ఫ్యాక్టరీలో చేసిన మాత్రా అన్న తేడా ఆ ఎంజైములకు లేదు.

మొక్కలు కదిలి పారిపోలేవు. పురుగులు, పశువులు తమను తినకుండా చేదు పదార్థాలను, ఆల్కలాయిడ్లను తయారుచేసుకుంటాయి. మనం ఔషధ గుణం అని చెప్పుకునేది చాలాసార్లు ఆ పదార్థాల గుణమే. శరీరం మీద పనిచేసే శక్తి ఉన్న పదార్థానికి హాని చేసే శక్తి మాత్రం లేకుండా ఎలా ఉంటుంది?

దీనికి మన దేశంలోనే జరిగిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 1975లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో (ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది) కొన్ని గిరిజన పల్లెల్లో ఉన్నట్టుండి జనానికి పొట్టలు ఉబ్బడం మొదలైంది. 67 మందికి జబ్బు చేస్తే 28 మంది చనిపోయారు. వాళ్లు రోజూ తినే గోండ్లీలో, అంటే మన సామల్లో, క్రోటలేరియా మొక్క గింజలు కలిశాయని తర్వాత తేలింది. మనం పచ్చిరొట్టగా వేసే జనుము కూడా ఈ క్రోటలేరియా ప్రజాతిదే. ఆ గింజల్లో ఉండేవి పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు. లివర్ ఎంజైములు వీటిని పైరోల్ అనే చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది లివర్ లోపలి సన్నటి రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. నాళాలు మూసుకుపోయి రక్తం వెనక్కి తన్నుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. దాదాపు అదే కాలంలో ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్ ప్రాంతంలో గోధుమల్లో హీలియోట్రోపియం గింజలు కలిసి ఇదే జబ్బు వచ్చింది. జమైకాలో పిల్లలకు ఆకులతో కాచి ఇచ్చే టీ వల్ల కూడా ఇదే జరిగిందని 1950లలోనే డాక్టర్లు రాశారు. అక్కడ తల్లులు దాన్ని మందనుకునే ఇచ్చారు. ఈ ఆల్కలాయిడ్లలో ఇంకో ప్రమాదముంది. కొద్దికొద్దిగా తీసుకున్నా నష్టం పేరుకుంటూ పోతుంది. తాగిన రోజు ఏమీ అనిపించదు కాబట్టి, వారాల తర్వాత పొట్ట ఉబ్బితే ఆ టీ వల్లనని ఎవరికీ తట్టదు.

మనకు ఇంకా దగ్గరగా జరిగిన ఘటన మల్కన్‌గిరిది. ఒడిశాలోని ఆ జిల్లా మన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆనుకునే ఉంటుంది. 2016లో అక్కడ చాలామంది గిరిజన పిల్లలు ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి చనిపోయారు. మొదట అందరూ మెదడువాపు అనుకున్నారు, కొందరు పిల్లల్లో ఆ వైరస్ దొరికింది కూడా. నిపుణుల బృందం వెళ్లి చూశాక, చాలామంది పిల్లలు తిన్న కసింద గింజల్లోని ఆంత్రాక్వినోన్లు అనే విష పదార్థాలు కారణమని చెప్పింది. లివర్, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతినే జబ్బు అది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ల తరబడి పిల్లలను చంపిన వ్యాధికి కూడా ఇదే కారణమని అక్కడి పిల్లల డాక్టర్లు అంతకుముందే కనిపెట్టారు. కసిందను చాలాచోట్ల మందుమొక్కగానే వాడతారు. పెద్దవాళ్లు వేయించి కొద్దిగా వాడేదాన్ని, ఆకలేసిన పిల్లవాడు పచ్చిగా గుప్పెడు తింటే ఫలితం అది. పసిపిల్లలకు వేపనూనె తాగించే అలవాటు కూడా ఇలాంటిదే. దాని వల్ల లివర్, మెదడు దెబ్బతిన్న పిల్లల గురించి 1981లోనే మలేషియా నుంచి రిపోర్టు వచ్చింది. మీ ఇంట్లో పసివాళ్లుంటే ఇది గుర్తుంచుకోండి.

ఇవన్నీ ఎక్కువ తింటే ఎవరికైనా హాని చేసే రకం. మీ నాన్నగారి విషయం ఇది కాదని నా అనుమానం. రెండో రకం ఒకటుంది. దాంట్లో మోతాదు కన్నా మనిషి శరీరతత్వం ఎక్కువగా లెక్కలోకి వస్తుంది. చురుకైన పదార్థం లివర్ కణంలోని ప్రొటీన్‌కు అతుక్కోగానే, ఆ కొత్త జతను చూసి మన రోగనిరోధక వ్యవస్థ ఇదేదో శత్రువనుకుంటుంది. తన లివర్ మీద తానే దాడి మొదలుపెడుతుంది. ఇది వెయ్యిమందిలో ఒకరికో, ఇంకా తక్కువమందికో జరుగుతుంది. మొదటి రోజు జరగదు. వారాలు, నెలలు పడుతుంది.

తిప్పతీగ విషయంలో మేము ఎక్కువగా చూసేది ఈ రకాన్నే. కోవిడ్ రోజుల్లో వీధివీధినా దీన్ని కాచుకుని తాగారు. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు రోగుల గురించి రాశారు. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలు కలిపి ఒక పరిశోధన వచ్చింది. కషాయం మొదలుపెట్టిన దగ్గర్నుంచి లక్షణాలు కనబడేదాకా మధ్యస్థంగా 46 రోజులు పట్టింది. చాలామందిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత లివర్ మీదే దాడి చేసే జబ్బు) లాంటి మార్పులు కనిపించాయి. తమకు తెలియకుండానే లివర్ జబ్బు ఉన్నవాళ్లలో పరిస్థితి బాగా విషమించింది. దీనిపై ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. అసలు తిప్పతీగ సురక్షితమేనని, దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే వేరే తీగతో జనం పొరబడుతున్నారని వివరణ ఇచ్చింది. పొరబాటు జరిగే అవకాశం నిజంగానే ఉంది. కానీ రోగికి ఆ వాదన వల్ల ఒరిగేదేమీ లేదన్నది నా అభిప్రాయం. తోటలో తీగ కోసుకునే మనిషి ఆ రెంటినీ చూపుతో వేరుచేయలేడు. రోగనిరోధక శక్తిని ఎగదోస్తుందని చెప్పే పదార్థం, ఆ శక్తి ఇప్పటికే అదుపు తప్పి ఉన్న మనిషికి మేలు చేస్తుందనుకోవడం తర్కానికి నిలవదు. థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు తిప్పతీగ జోలికి వెళ్లొద్దని నేను గట్టిగా చెప్తాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇవి ఉన్నాయేమో చూడండి, ముఖ్యంగా నాన్నగారి అక్కచెల్లెళ్లలో.

పసుపు మాట చెప్తే చాలామందికి నచ్చదు. కూరలో వేసే పసుపుకు భయపడాల్సిన పనే లేదు. పసుపులోని కర్క్యుమిన్ పేగుల్లోంచి ఒంటికి దాదాపు పట్టదు. ఆ పట్టకపోవడమే మనల్ని ఇన్నాళ్లు కాపాడింది. క్యాప్సూల్ తయారీదార్లు దాన్ని ఒక లోపంగా చూసి, మిరియాల్లోని పైపరిన్ కలిపారు. పైపరిన్ వల్ల మనుషుల్లో కర్క్యుమిన్ దాదాపు 20 రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందని 1998లోనే ప్రచురించారు. పైగా పైపరిన్ లివర్‌లోని విరుగుడు పనిని కూడా నెమ్మదింపజేస్తుంది. 2022లో అమెరికాలోని మందుల వల్ల లివర్ దెబ్బతినే కేసులను నమోదుచేసే బృందం పసుపు ఉత్పత్తులు వాడిన పది మంది గురించి రాసింది. ఒకరు చనిపోయారు. పది మందిలో ఏడుగురికి హెచ్.ఎల్.ఎ.-బి35:01 అనే ఒకే జన్యురకం ఉంది. గ్రీన్ టీ సారం మాత్రలు, బరువు తగ్గడానికి వాడే గార్సీనియా మాత్రలు తిని లివర్ చెడినవాళ్లలో కూడా ఇదే జన్యురకం ఎక్కువగా కనిపిస్తుంది. అంటే పక్కింటాయన ఏళ్ల తరబడి వాడినా ఏమీ కాని మాత్ర మీ నాన్నగారికి ఎందుకు పడలేదో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. ఆయన తప్పేమీ లేదు, పుట్టుకతో వచ్చిన తత్వం అది.

అశ్వగంధ (మన పెన్నేరు) సంగతి క్లుప్తంగా చెప్తాను. 2020లో ఐస్‌లాండ్, అమెరికా డాక్టర్లు కలిసి ఐదుగురి గురించి రాశారు, తర్వాత మన దేశం నుంచి కూడా రిపోర్టులు వచ్చాయి. దీంట్లో ఎక్కువగా పైత్యరసం ప్రవాహం మందగిస్తుంది. కామెర్లతోపాటు ఒళ్లంతా విపరీతమైన దురద ఉంటుంది, ఆ దురద వారాల తరబడి వదలదు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. మీ నాన్నగారికి దురద ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, మూడింటిలో ఏది కారణమో ఊహించడానికి పనికొస్తుంది. బొల్లి మచ్చలకు వాడే బావంచాల పొడితో లివర్ చెడిన కేసులు కూడా ఉన్నాయి. ఇది మీకు సంబంధించింది కాకపోయినా ఇది చదివే వేరేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇక పెదనాన్నగారి మాట. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. తరతరాల అనుభవం చాలా విషయాలు నేర్పుతుంది. ఆకు తిన్న గంటలో వాంతులైతే ఆ ఆకు చెడ్డదని ఊరంతా తెలుసుకుంటుంది. కానీ వెయ్యిమందిలో ఒకరికి, అదీ నెలన్నర తర్వాత వచ్చే కామెర్లను ఆ ఆకుతో ముడిపెట్టడం ఏ ఊరి అనుభవానికీ సాధ్యం కాదు. దానికి ఎన్నో ఆసుపత్రుల లెక్కలు ఒకచోట చేరాలి. ఇంకో సంగతి, తరతరాలుగా వాడింది ఇది కానే కాదు. పూర్వం వైద్యుడు నాడి చూసి, ఇన్ని రోజులని చెప్పి, పత్యం పెట్టి మందిచ్చేవాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూడు రకాల మందులు కలిపి, ఎవరినీ అడగకుండా, నెలల తరబడి మింగడం అప్పట్లో లేదు. పది గ్రాముల వేరులోని సారాన్ని ఒక క్యాప్సూల్‌లోకి దట్టించడమూ లేదు.

ఉపవాసాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1980లలో ఫ్రాన్స్‌లో బరువు తగ్గడానికి జర్మాండర్ అనే మొక్క క్యాప్సూళ్లు అమ్మారు. ఆ మొక్కను అక్కడ శతాబ్దాలుగా టీగా తాగుతున్నారు. క్యాప్సూళ్లు వచ్చిన కొన్నేళ్లకే ముప్పై మంది దాకా హెపటైటిస్‌తో ఆసుపత్రుల్లో చేరారు, 1992లో ప్రభుత్వం నిషేధించింది. తిండి తగ్గించినప్పుడు గ్లూటాథయోన్ నిల్వ కూడా తగ్గుతుంది. అంటే డైటింగ్ చేస్తూ పొట్ట కరిగించే మూలికలు మింగేవాళ్లు, లివర్‌కు రక్షణ తక్కువగా ఉన్న సమయంలోనే దానికి ఎక్కువ పని పెడుతున్నారు. మద్యం తాగేవాళ్లకూ ఇదే ప్రమాదం.

"ఇంగ్లీషు మందుల వల్లే" అన్న మాటలో కొంత నిజముంది. మన దేశంలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న 1288 మంది వివరాలు 2021లో ప్రచురించారు. అందులో 46 శాతానికి పైగా టీబీ మందుల వల్లే. ఆయుర్వేదం, మూలికలు వగైరా కలిపి దాదాపు 14 శాతం. కాబట్టి నాన్నగారు వాడే షుగర్ మాత్రలు, మోకాళ్లకు కొనుక్కున్న నొప్పి మాత్రలు, ఈ మధ్య వాడిన యాంటీబయోటిక్స్ ఏవైనా ఉంటే అవీ డాక్టరుకు చూపించండి. అన్నింటినీ ఒకే కళ్లతో చూడాలి.

పసరు గురించి మళ్లీ చెప్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన దగ్గర కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటిలో అత్యధికం ఏ మందూ లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతాయి. ఆ సమయంలో పసరు తాగినవాళ్లు పసరుతోనే తగ్గిందని నమ్ముతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, తమకు జరిగిందే చెప్తున్నారు. కామెర్లకు వాడే నేల ఉసిరి మీద ఆశతో పరిశోధనలు కూడా చేశారు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్న 37 మందికి నేల ఉసిరి ఇస్తే 22 మందిలో వైరస్ గుర్తు మాయమైందని రాశారు. ప్రపంచమంతా ఆశపడింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. ఇక పసరు పోసేవారు అందులో ఏ ఆకులు వేస్తారో చెప్పరు, చెప్పకపోవడమే పద్ధతి అంటారు. ఇప్పటికే ఆకు పదార్థాలతో వాచిపోయిన లివర్‌కు పేరు తెలియని ఇంకో నాలుగు ఆకుల రసం పంపడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఉప్పు, నూనె, పప్పు మాన్పించే పత్యం కూడా వద్దు. వాంతులు లేకపోతే అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, అలవాటైనవన్నీ పెట్టండి. ఇప్పుడు ఆయనకు తిండి కావాలి. పెదనాన్నగారికి ఇది చెప్పేటప్పుడు ఆయన్ని నొప్పించకండి. తమ్ముడి మీద ప్రేమతోనే అంటున్నారు. వీలైతే ఆయన్నే తోడుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆకుమందు వల్లే అని తేల్చే పరీక్ష ఒక్కటీ లేదు. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసేయాలి. హెపటైటిస్ ఎ, బి, సి పరీక్షలతోపాటు హెపటైటిస్ ఇ ఐజిఎం (ఆ వైరస్ ఈమధ్యే సోకిందా అని చూసే రక్తపరీక్ష) తప్పనిసరిగా చేయించండి, మన ప్రాంతంలో దాన్ని వదిలేస్తే పొరబాటు జరుగుతుంది. కడుపు స్కాన్‌లో పిత్తాశయంలో రాళ్లు, నాళంలో అడ్డు లేవని చూడాలి. రోగనిరోధక వ్యవస్థ సొంత లివర్ మీద దాడి చేస్తోందా అని తెలుసుకోవడానికి ఏఎన్ఏ, ఐజిజి అనే రక్తపరీక్షలు చూడాలి. తిప్పతీగ ఉంది కాబట్టి ఇవి మరీ ముఖ్యం. అవి ఎక్కువగా ఉంటే డాక్టరు బయాప్సీ (సూదితో లివర్ ముక్క తీసి చూసే పరీక్ష) అడగొచ్చు, స్టెరాయిడ్లు కూడా ఇవ్వొచ్చు. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడకండి. ఇలాంటి కేసుల్లో అవి బాగా పనిచేస్తాయి. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి ఆ వారాల్లో షుగర్ మాత్రం తరచుగా చూసుకోవాలి.

మందు ఆపాక ఎస్.జి.పి.టి. ముందు దిగుతుంది, కామెర్లు ఆ తర్వాత నెమ్మదిగా పోతాయి. మొదటి వారం బిలిరుబిన్ ఇంకా కొద్దిగా పెరిగినా ఐ.ఎన్.ఆర్. బాగుంటే కంగారు అక్కర్లేదు. ఎక్కువమందికి రెండు మూడు నెలల్లో అంతా మామూలవుతుంది. ఆరు నెలలైనా తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి వెతకాలి. అన్నీ నార్మల్ అయ్యాక "ఒక్క గుక్క కషాయమే కదా" అని మళ్లీ మొదలుపెట్టనివ్వకండి. రోగనిరోధక వ్యవస్థ మొదటి దెబ్బను గుర్తుంచుకుంటుంది. రెండోసారి నెలన్నర ఆగదు, రోజుల్లోనే తిరగబెడుతుంది, మొదటిసారి కన్నా తీవ్రంగా కూడా. మూడింట్లో ఏది కారణమో మనకు కచ్చితంగా తెలియదు కాబట్టి మూడూ జీవితాంతం మానేయాల్సిందే. కూరలో పసుపు మాత్రం వేసుకోవచ్చు.

చివరిగా ఒక పని. ఇంట్లో మిగిలిన సీసాలు, క్యాప్సూల్ డబ్బాలు, తిప్పతీగ ముక్కలు పారేయకండి. ఒక సంచిలో వేసి, బ్యాచ్ నంబర్లు కనబడేలా ఫోటోలు తీసి, ఏది ఏ తేదీన మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. అలాగే ఈ కేసును నమోదు చేయించమని ఆయన్ని అడగండి. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది, రోగి ఇంటివాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. వారం తర్వాత వచ్చే రిపోర్టులో ఐ.ఎన్.ఆర్., బిలిరుబిన్, ఐజిజి అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.